థార్ ఎడారిలో పచ్చిక బీళ్లు - పశుపోషణ

మార్వాడు దేశమున కరవునకు నాలుగు పేర్లు గలవు. ధాన్యము పండని యేడు 'అకాల్'. నీరు దొరకని యేడు 'జలకాల్'. గడ్డి మొలవని యేడు 'తిన్‌కాల్'. ఈ మూడును ఒక్కసారియే వచ్చిపడిన యేడు 'త్రికాల్'. విక్రమశకము 1956వ సంవత్సరమున, అనగా క్రీ.శ. 1899-1900లో వచ్చిన మహాక్షామమును 'ఛప్పనియా' అని ఆ సీమవారు నేటికిని తలచుకొందురు. అది త్రికాల్. గడ్డి లేకపోవుటకు ఒక ప్రత్యేకమైన పేరు పెట్టుకొనిరనిన, వారి బ్రదుకు దేనిపై నిలిచియున్నదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఎడారిని గూర్చి వ్రాయుమన్నచో మన విద్యార్థులు ఇసుకతిన్నెలు, ఒంటెలు, ఎండమావులు అని మూడు మాటలు వ్రాసి ఊరకుందురు. ఆ మూడును ఉన్న మాట నిజమే. అయినను సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటర్ల థార్ ఎడారి నిర్జనము కాదు; లోకమందలి ఎడారులలో ఇంత జనసమ్మర్దము గలవి అరుదు. జైసల్మేరునకు పడమటనున్న భాగమున ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన కూడ పడదు. తూర్పు అంచున 400 వరకు పడును. అదియు ఆషాఢము మొదలు భాద్రపదము వరకే. ఇట్టిచోట సజ్జ పండిన పండును, లేనిచో లేదు. గడ్డి మాత్రము కొద్దిపాటి వానకే మొలచును. కనుకనే ఆ ప్రజలు పంటను అదృష్టముగాను, పశువును ఆస్తిగాను ఎంచిరి.

ఈ సంగతి బళ్ళారిసీమలోని మన కేల యని చదువరులు అడుగవచ్చును. మనము హగరి యొడ్డున నివసించువారము. ఆ నదియిసుక వేసవిగాలులకు లేచి, పొరుగుననున్న అనంతపురము జిల్లా బొమ్మనహాళ్, కణేకల్ ప్రాంతములలో తిన్నెలై పొలములను కప్పుచుండుట మనకు క్రొత్త కాదు. మఱియు 2019 పశుగణన ననుసరించి దేశములో గొఱ్ఱెలు అత్యధికముగ గల రాష్ట్రము తెలంగాణము (ఒక కోటి 91 లక్షలు). రెండవది ఆంధ్రప్రదేశ్ (ఒక కోటి 76 లక్షలు). మూడవది మనమున్న కర్ణాటకము (ఒక కోటి 11 లక్షలు). ఎడారియైన రాజస్థానము 79 లక్షలతో నాలుగవది. మేతభూమి యెట్లు చెడును, చెడినది యెట్లు బాగుపడును, బాగుపడినదానినుండి కాపరికి నాలుగు రూకలు మిగులుట యెట్లు అను ప్రశ్నలు ముందుగా మనవారికే కావలసినవి. వానికి సమాధానము వానలు పుష్కలముగ పడుచోట దొరకదు. ఎచ్చట తప్పు చేసినచో భూమి వెంటనే శిక్షించునో అచ్చటనే దొరకును.

జైసల్మేరు ఇసుకనేలలలో 'సేవణ' యను గడ్డి కలదు. దానిని ఎడారిగడ్డులకు రాజని పిలుతురు. అది మన కంటికి ఎండు పొదవలె గన్పట్టును. ఒకసారి వేరూనిన దుబ్బు పది, పదునైదు, ఒక్కొక్కచో ఇరువది ఏండ్ల వరకు బ్రదుకును. దాని వేళ్ళు వలవలె అల్లుకొని ఇసుకను కదలనీయవు. వేసవిలో పైభాగమంతయు ఎండి చచ్చినట్లుండునే గాని, నేలకు అంటియున్న మొదట ప్రాణముండును. గడచిన వానకాలమున ఆకులు తయారుచేసిన ఆహారములో కొంత ఆ మొదటను, వేళ్ళయందును నిలువచేయబడి యుండును. తొలకరి పడగానే ఆ నిలువనుండియే క్రొత్త చిగుళ్ళు బయలుదేరును. ఇచ్చటనే గమనింపవలసిన విషయము గలదు. చిగురు మూడు నాలుగు ఆకులు వేసి, ఆ యాకులు మరల ఆహారము చేయ మొదలిడువరకు గడ్డి అప్పులో ఉన్నట్లే లెక్క. మూలధనము తీసి వ్యాపారమున పెట్టినది. రాబడి ఇంకను రాలేదు. సరిగా ఆ పది, పదునైదు దినములలోనే వేసవియంతయు మాడిన పశువులు పచ్చదనమును చూచి దుబ్బులపై పడును. కొరికిన చిగురునకు మాఱుగా దుబ్బు మరల నిలువనుండి ఇంకొక చిగురు పంపవలెను. ఒక యేడు ఇట్లు జరిగినచో ఓర్చుకొనును. వరుసగ మూడు నాలుగేండ్లు జరిగినచో నిలువ హరించి దుబ్బు చచ్చును.

దుబ్బు చచ్చిన చోటు ఖాళీగా ఉండదు. 'భరూట్' వంటి ఏకవార్షికపు ముండ్లగడ్డి వచ్చును. అది కరవునాడు మనుష్యులకు కూడ ఆహారమైన గడ్డియే గాని, వాన పడకున్న మొలవనే మొలవదు. తరువాత పశువు మూతి పెట్టని జిల్లేడును, అట్టివే మఱికొన్ని పొదలును వచ్చును. చూచువారికి బీడు పచ్చగనే యుండును. ఆ పచ్చదనమును చూచి మోసపోరాదు. కాపరికి తెలియును, అందులో మేత లేదని.

కావున బీటిని పాడుచేయునది పశువుల సంఖ్య యొక్కటియే కాదు, వేళ కూడ. అట్లని సంఖ్యను విడిచిపెట్టుటకును వీలులేదు. లెక్కల తరగతిలో ఇయ్యదగిన ప్రశ్న నొకదానిని ఇచ్చట ఇచ్చుచున్నాము. ఒక ఎకరమున 400 కిలోల ఎండుగడ్డి పండెననుకొనుడు. అందు సగము దుబ్బు కొఱకును, నేలను కప్పియుంచుట కొఱకును విడువవలెను. మిగిలినది 200 కిలోలు. ముప్పది కిలోల బరువుగల గొఱ్ఱె దినమునకు సుమారొక కిలో ఎండుమేత తినును. అనగా ఒక ఎకరము ఒక గొఱ్ఱెకు ఏడాది పొడవునను చాలదు. 200 దినములకు మాత్రమే చాలును. ఇది వాన పడిన యేటిమాట. 1959లో జోధ్‌పూరున ఏర్పడిన కేంద్ర శుష్కమండల పరిశోధనసంస్థవారు థార్ బీళ్ళను తరగతులుగా విభజించి, మిక్కిలి మంచి బీటిలో నూరు హెక్టారులకు 25 నుండి 30 పెద్ద పశువులును, పాడైన బీటిలో పదికి లోపును ఉండవచ్చునని చెప్పిరి. నిజముగ మేయుచున్నవి దీనికి అనేకరెట్లు. అయినను పూర్వము ఆ బీళ్ళు శతాబ్దుల తరబడి యెట్లు నిలిచినవి? జనమును పశువులును తక్కువగనుండుట ఒక కారణము. రెండవ కారణము నీరు. దీనిని గూర్చి కొంచెము విరివిగ చెప్పవలసియున్నది.

ఎడారిలో గడ్డికి తాళము వేయునది నీరు. ఊరివారు త్రవ్వుకొన్న కుంటలను అచ్చట 'నాడి' అందురు. వానకు నిండిన నాడి రెండు నెలలో, నాలుగు నెలలో, మిక్కిలి పెద్దదైనచో అంతకు కొంత హెచ్చుగనో నీరిచ్చి ఎండును. దానిచుట్టునున్న బీటిని మందలు నీరున్నన్నాళ్ళు మేయును. నీరు తీరగానే, గడ్డి మిగిలియున్నను, మంద కదలక తప్పదు. ఆ మిగిలిన గడ్డి విత్తనము రాల్చుకొనును; దుబ్బు ఊపిరి పీల్చుకొనును. ఎవరును చట్టము చేయలేదు, కావలివాని నుంచలేదు; కుంట ఎండుటయే కావలి. ఇంటి త్రాగునీటికై 'టాంకా' యను నేలతొట్టెలు, 'బేరి' యను చెలమబావులు వేరుగ నుండెడివి. అవి మనుష్యులకే చాలీచాలని నీరు గనుక మందలను ఆపగలిగినవి కావు.

తరువాత లోతుబావులు, గొట్టపుబావులు, కుళాయితొట్టెలు వచ్చినవి. త్రాగునీరు లేక అలమటించువారికి నీరిచ్చుట పుణ్యకార్యమే. దానిని తప్పుపట్టువారము కాము. కాని ఏడాది పొడవున నీరున్నచోట మంద ఏడాది పొడవున నిలిచిపోయెను. తొట్టిచుట్టు క్రోసెడు దూరమున గడ్డి మొదలంట నశించి, నేల పిండియై గాలికి లేచును. క్రోసునకు ఆవల గడ్డి మేయువారు లేక యెండిపోవును. నీరు పెరిగినది గాని మేత తగ్గినది. ఇప్పుడు తెలిసినవారు చేయునదేమనగా, ఒక్క పెద్ద తొట్టికి బదులు దూరదూరముగ చిన్నతొట్టెలు కట్టి, వానిలో కొన్నింటిని కొన్ని నెలలు మూసియుంచుట. పూర్వము ఎండ చేసిన పనిని ఇప్పుడు మనుష్యుడు చేయి త్రిప్పి చేయవలసివచ్చినది. ఉప్పురాయిని నీటికి దూరముగ నుంచినచో పశువులు ఆవైపునకు వెళ్లి మేయును. ఖర్చు స్వల్పము, ఫలము మెండు.

మంద కదలుటలోనే ఇంకొక విద్య కలదు. రైకాలు, రేబారీలు, దేవాసీలు అని పిలువబడు కాపరులు గొఱ్ఱెలను, ఒంటెలను తోలుకొని హర్యానా, ఉత్తరప్రదేశము, మధ్యప్రదేశము, గుజరాతుల వరకు పోవుదురు. కోతలైన పొలములలో రాత్రి మంద నిలిపి, ఎరువునకు ప్రతిఫలముగ రైతునుండి ధాన్యమో, రూకలో పుచ్చుకొందురు. మన కురుబలు, గొల్లలు చేయునదియు ఇదియే. పొలములో మంద కట్టించుకొనని మెట్టరైతు మన ప్రాంతమున మొన్నమొన్నటి వరకు అరుదు. ఇట్లు దేశాంతరము పోయిన మంద తన స్వంత బీటికి నాలుగు నెలలు విశ్రాంతి నిచ్చినట్లగును. సంచారమును కొందఱు అనాగరికమని యెంచుట కలదు. వానయే సంచరించు దేశములో మంద ఒకచోట కూర్చుండవలెననుట ఏమి నాగరికత?

1950 తరువాత ఈ యేర్పాటు క్రమముగ సడలెను. 1952 నాటి చట్టముచే జాగీరులు రద్దై, దున్నువానికి భూమి దక్కెను. అది న్యాయమే. కాని పంపకమునకు వచ్చినదానిలో ఉమ్మడి మేతబీళ్ళు కూడ చాల ఉండినవి. ఒంటెనాగలి గీసినచోట సేవణ దుబ్బు ప్రక్కకు తప్పుకొని బ్రదికెడిది. ట్రాక్టరు నాగలి దానిని వేరుతో పెకలించెను. ఎన్.ఎస్. జోధా యను ఆర్థికశాస్త్రజ్ఞుడు, హైదరాబాదు చెంత పటాన్‌చెరువులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థలో ఉన్నకాలమున, రాజస్థానమును, మన ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడులను చేర్చి ఏడు రాష్ట్రములలోని 82 గ్రామములను పరిశీలించి, 1950 మొదలు 1980 తరువాతి వరకు ఉమ్మడి భూములు మూడవవంతు మొదలు సగము వరకు తరిగినవని తేల్చెను. 1958లో ఆరంభమై, 1984 తరువాత ఇందిరాగాంధీ పేరు దాల్చిన కాలువ హిమాలయజలమును జైసల్మేరు వరకు తెచ్చినది. దానివలన గోధుమ, ఆవాలు పండుచున్నవి. ఎందఱికో అన్నము దొరకినది. అయితే అది పారిన నేలలో మేలైన సేవణబీళ్ళు కూడ కొన్ని మునిగినవి. కరవువచ్చినపుడు ఎచ్చటికి తోలుకొనిపోవుదురో ఆ చోటే కంచెలోనికి పోయెను.

సర్కారుతుమ్మ కథ కూడ ఇచ్చటనే చెప్పవలెను, ఏలయన దాని మొదలు మనవద్దనే కలదు. అమెరికాఖండపు చెట్టైన దీని విత్తనములను 1877 ప్రాంతమున కడపజిల్లా కమలాపురమున నాటిరి. మనదేశమున తొలుత నాటినచోటులలో అది యొకటి. వంటచెఱకునకు బాగుగ నుపయోగించుటచే ఉత్తరమునకును ప్రాకెను. 1961లో కచ్ఛ్ జిల్లాలోని బన్నీ యను విశాలమైన ఉప్పునేల పచ్చికబీటిలో, ఉప్పురణము వ్యాపింపకుండుటకని 31 వేల హెక్టారులకు పైగా దీనిని వేసిరి. ఆవులు, గేదెలు తియ్యని కాయలను తిని, గింజలను పేడతో బీడంతట చల్లినవి. ఇప్పుడు బన్నీలో సగమునకు మించి ఈ తుమ్మయే. చెట్టు లేనిచోటెల్ల చెట్టు నాటుట మేలని మనకు చిన్ననాటినుండి చెప్పుదురు. గడ్డినేల విషయమున ఈ మాట చెల్లదు. గడ్డినేల అడవి కావలసియుండి కాలేకపోయినది కాదు; దాని ధర్మము గడ్డియే.

చెడిన బీటిని బాగుచేయుటకు జోధ్‌పూరు సంస్థవారు చెప్పిన పద్ధతి సులభమైనదే. కొంతభాగమును కంచెవేసి రెండు మూడు వానకాలములు పశువును రానీయకుండవలెను. దుబ్బులు బొత్తిగ నశించినచోట విత్తనము చల్లవలెను. సేవణ గింజ పొట్టువలె తేలిక గనుక గాలికి ఎగిరిపోవును. అందుకై బంకమన్ను, ఇసుక, పేడలతో కలిపి చిన్నచిన్న ఉండలుగ చేసి, తొలకరికి ముందు సాళ్ళలో వేయుదురు. వాన పడినపుడు ఉండ కరగి గింజ నేలకు అంటుకొనును. గడ్డి బాగుపడిన పిదప బీటిని నాలుగు భాగములుగ చేసి, ఏటేట ఒక భాగమును పూతకు వచ్చి గింజరాలువరకు మేపకుండ విడిచి, మిగిలినవానిని వంతులవారీగ మేపవలెను. మంచి వాన పడిన యేట కోసిన సేవణను వామివేసినచో మఱుసటి కరవువరకును చెడక నిలుచును.

చెట్లలో జమ్మిని మఱువరాదు. మనము దసరానాడు పూజించు ఈ శమీవృక్షమే అచ్చటి 'ఖేజ్డీ'. అది 1983లో రాజస్థానమునకును, 2014లో తెలంగాణమునకును రాష్ట్రవృక్షమైనది. దాని లేతకాయ 'సాంగ్రి' కూరయై నేడు పెద్దపట్టణములలో వెలగల వస్తువు. శీతకాలమున కొమ్మలు నరికి ఎండబెట్టిన ఆకు 'లూంగ్' మేకకు, ఒంటెకు మేత. దాని నీడన సజ్జ చెడక ఇంకను బాగుగ పండును. 1730లో జోధ్‌పూరు చెంత ఖేజడ్లీ గ్రామమున ఈ చెట్లను కొట్టనీయక అమృతాదేవితో గూడ 363 మంది బిష్ణోయీలు ప్రాణములిచ్చిరి. చిన్న రేగుపొదల ఎండుటాకును కూడ వారు దులిపి దాచుకొందురు. గడ్డి, పొద, చెట్టు మూడును ఉన్నచో గొఱ్ఱె నేలను, మేక పొదను, ఒంటె చెట్టును మేయును. ఒకదాని నోటికూడు ఒకటి తీయవు.

ఇక లాభముమాట. బీటిని కాపాడుమని కాపరికి ఎన్ని బోధలు చేసినను, ఇంట గడవకున్న వినడు. వినుటకు వీలును లేదు. ఎక్కువ పశువులున్నచో ఎక్కువ లాభమని తోచును గాని, ఎడారిలెక్క వేరు. వానకాలపు మేతతో పశువు కార్తీకమాసము నాటికి బాగుగ కండపట్టును. ఆ పిదప వైశాఖ జ్యేష్ఠముల వరకు ఆ కండను తానే కరగించుకొని బ్రదుకును. కార్తీకమున అమ్మిన పొట్టేలు లాభము; అదే పొట్టేలును వేసవివరకు మేపి అమ్మినచో, ఆరునెలల గడ్డిని తినిపించి బరువును పోగొట్టుకొన్నట్లు. పిల్ల పుట్టిన తొలి ఆఱు, తొమ్మిది నెలలలో పెరిగినంత వేగముగ తరువాత పెరుగదు గనుక అదే గడ్డికి లేతపశువులో ఎక్కువ మాంసము వచ్చును. మఱియు కరవు ఖాయమైన పిదప అందఱును ఒక్కసారి సంతకు తోలినచో ధర పడిపోవును. శ్రావణమున వాన తప్పినదని తోచినపుడే ముసలివానిని, గొడ్డువానిని తగ్గించుకొనువాడు మంచి ఈనికగల పశువులను దక్కించుకొనును. చిటుకురోగమునకు, పారుడురోగమునకు, గాలికుంటునకు వేళకు సూదిమందు వేయించుట కూడ మేతను మిగుల్చుటయే. చచ్చిన పశువు తిన్న గడ్డియంతయు నష్టమే కదా.

జాతి యెన్నికయు ముఖ్యము. థార్‌పార్కర్ ఆవు, బికనేరు ప్రాంతపు రాఠీ ఆవు ఎండకు ఓర్చి, దూరము నడచి, గట్టిగడ్డి తిని పాలిచ్చును. సీమజాతి ఆవు కడవెడు పాలిచ్చునన్న మాట నిజమే. దానికి నీడ, పచ్చిమేత, దాణా, నీరు కావలెను. అవి అన్నియు కొనవలసినచోట కడవెడు పాలకు మిగులునదేమి? ఈ విషయమే సముద్రమునకు ఆవల అమెరికాలోని న్యూమెక్సికో ఎడారియందు 1912 నుండి నడచుచున్న హోర్నాడా బీళ్ళ పరిశోధనాలయమువారు వేరొకదారిన కనుగొనిరి. అచ్చట పెద్దశరీరముగల ఆంగస్, హియర్‌ఫర్డ్ పశువులు నీటిచెంతనే తిరుగును. మెక్సికో కొండలనుండి తెచ్చిన చిన్నశరీరపు క్రియోల్లో ఆవులు ఎండకాలమున నీటికి మిక్కిలి దూరముపోయి, పలురకముల మొక్కలను మేయునని తేలినది. గడ్డి యొకచోట అరుగక బీడంతట సమముగ మేయబడును. బన్నీ గేదె కూడ ఇట్టిదే. అది రాత్రివేళ కాపరి లేకయే బీటికి పోయి మేసి, తెల్లవాఱుజామున తానై పాలు పిండించుకొనుటకు ఇంటికి వచ్చును. 2010లో ప్రభుత్వము దానిని ప్రత్యేకజాతిగ గుర్తించినది.

పశువెంత మంచిదైనను దాని పాలను కొనువాడు దాపున లేకున్న ఫలము లేదు. 1970 తరువాత బికనేరు ప్రాంతమున సహకార పాలసంఘములు ఏర్పడి, పాలబండి ఊరూర తిరుగుటతో రాఠీ ఆవునకు విలువ వచ్చెను. ఉన్ని సంగతి ఇందుకు తలక్రిందు. చోక్లా, మగ్రా గొఱ్ఱెల ఉన్ని తివాచీలకు పేరుపొందినది. దిగుమతియైన ఉన్నికిని, కృత్రిమపు నూలునకును తాళలేక ధర పడిపోయినందున కాపరులు మాంసపు జాతులవైపు, మేకలవైపు మొగ్గిరి. మన బళ్ళారి గొఱ్ఱె నల్లయున్నితో కంబళి నేయువారి యవస్థ ఎఱిగినవారికి దీనిని వివరింపనక్కరలేదు.

ఒంటె కథ మఱియు విచిత్రము. 2014లో దానిని రాష్ట్రపశువుగ ప్రకటించి, 2015లో దాని వధను నిషేధించి, రాష్ట్రము దాటించుటను కట్టడిచేయుచు రాజస్థానము చట్టము చేసెను. ఉద్దేశము ప్రేమయే. ట్రాక్టరు, లారీ వచ్చి అదివరకే గిరాకి తగ్గియున్న మగ ఒంటెలను పుష్కరపు తిరునాళ్లలో కొను పైరాష్ట్రమువారు రాక ధర ఇంకను పడిపోయెను. అమ్ముడుపోని ఒంటెను పెంచువాడెవడు? 2012 గణనలో ఆ రాష్ట్రమున మూడు లక్షల పాతికవేలున్న ఒంటెలు 2019 నాటికి రెండు లక్షల పదమూడు వేలైనవి. దీనికి చట్టమొక్కటియే కారణము కాదు. బీళ్ళు తగ్గుటయు కారణమే. గుజరాతులో వేరుమార్గము త్రొక్కిరి. ఒంటెపాలకు 2016లో ఆహారప్రమాణములు నిర్ణయింపబడిన పిదప, 2019లో అమూల్ సంస్థ కచ్ఛ్ కాపరుల ఒంటెపాలను సీసాలలో అమ్మ మొదలిడెను. కాపరికి దినదినము రాబడి వచ్చుమార్గ మొకటి ఏర్పడినది.

ఎడారిబీళ్ళపై ఇప్పుడు పడిన క్రొత్తభారము సూర్యుని విద్యుత్తు. ఫలోదీ సమీపమున భడ్లాలో పదునాలుగు వేల ఎకరములమేర అద్దపుపలకలు పరచి 2,245 మెగావాట్ల విద్యుత్తు తీయుచున్నారు. బొగ్గును కాల్చుటకంటె ఇది మేలనుటలో సందేహము లేదు. అయితే రెవిన్యూ పుస్తకములలో 'పనికిరాని భూమి' అని వ్రాయబడియున్నదంతయు నిజముగ పనికిరానిది కాదు. ఆ మాటక్రింద మేతబీళ్ళున్నవి, 'ఓరణ్' అను దేవతాభూములున్నవి. ఓరణులలో గొడ్డలి వేయుట నిషిద్ధము. పశువు మేయుట నిషిద్ధము కాదు. జైసల్మేరు ప్రాంతపు ఓరణులపై విద్యుత్‌స్తంభములు లేచినపుడు గ్రామస్థులు తగవునకు దిగిరి. 2024 డిసెంబరు 18వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, ఇట్టి పవిత్రవనములను కొలిచి, హద్దులు గుర్తించి, అడవులుగ ప్రకటింపవలెనని రాజస్థాన ప్రభుత్వమును ఆదేశించెను. కాపరులు దీనికి సంతోషించిరి, కలతయు పడిరి. కొలత వేసినచో ఆక్రమణ ఆగునని సంతోషము; 'అడవి' యను పేరు వచ్చిన పిదప తమ మందలను లోనికి రానిత్తురో లేదో యని కలత.

మన యూళ్ళలో ఓరణులు లేవు, గోమాళములున్నవి. 1966 నాటి కర్ణాటక భూకందాయ నియమములలో నూరు పశువులకు పండ్రెండు హెక్టారులు, అనగా సుమారు ముప్పది ఎకరములు, గోమాళముగ విడువవలెనని యున్నది. పైన చెప్పిన లెక్కయే వేయుదము. ఎకరమునకు 400 కిలోల చొప్పున ముప్పది ఎకరములకు పండ్రెండు వేల కిలోల ఎండుగడ్డి. అందు సగము విడువగా ఆఱువేలు. చిన్నజాతి పశువు దినమునకు ఆఱుకిలోలు తిన్నచో నూటికి ఆఱువందలు. పది దినములు! థార్ కంటె మనకు వాన ఎక్కువ గనుక గడ్డి రెట్టింపు వచ్చినదనుకొన్నను ఇరువది దినములే. మిగిలిన మూడువందల నలువదియైదు దినములు చొప్ప, వేరుసెనగకట్టె, గట్లమీది పచ్చిక, పొరుగూరి బీళ్ళు. ఈ ముప్పది ఎకరములైనను కాగితముమీద గాక నేలమీద ఎన్ని యూళ్ళలో నున్నవో చూడవలసియున్నది. మా తొమ్మిది, పదవ తరగతుల విద్యార్థులు ఈ వేసవిసెలవులలో తమతమ యూరి గోమాళపు సర్వే నంబరును, విస్తీర్ణమును గ్రామలెక్కాధికారి నడిగి వ్రాసికొని, నడచి హద్దులు చూచి, దానిపై మేయు పశువులను లెక్కించి తీసికొనిరావలెనని కోరియున్నాము. ఎవరి యూరిలో గడ్డి ఎకరమునకు ఎంత వచ్చునో తూచుటకు మీటరు చదరపు కొయ్యచట్రమును, త్రాసును పాఠశాలనుండి ఇత్తుము.